చిన్న వయసు గుర్రానికి తొలి ప్రయాణం: అవసరానికి ముందే నేర్పవలసిన విద్య

సాళువ నరసింహరాయల కాలంలో హోర్ముజ్, ఏడెన్ రేవుల నుంచి విజయనగరానికి గుర్రాలు ఓడలపై వచ్చేవి. సముద్రంపై చనిపోయిన గుర్రానికి సైతం రాజు వెల చెల్లించేవాడనీ, ఆధారంగా దాని తోకను తెచ్చి చూపితే చాలుననీ పదహారవ శతాబ్దంలో విజయనగరంలో ఉండిన పోర్చుగీసు గుర్రాల వర్తకుడు ఫెర్నావో నూనిజ్ తన వృత్తాంతంలో రాశాడు. చరిత్రకారులు ఈ ఉదంతాన్ని రాజుకు అశ్వబలం ఎంత అవసరమో చెప్పడానికి ఉదాహరిస్తారు. పశుపోషణ దృష్టితో చూసినప్పుడు ఇందులో మరొక సంగతి కనిపిస్తుంది. దారిలో కలిగే నష్టమంతా కొనేవాడే భరిస్తున్నప్పుడు, ఓడలో గుర్రాన్ని ఎలా నిలపాలో, ఎంత నీరు పట్టాలో, ఎక్కేముందు దానికి ఏమి అలవాటు చేయాలో నేర్చుకోవలసిన అగత్యం అమ్మేవాడికి ఉండదు.

నేడు తోకకు వెల కట్టే రాజు లేడు. ప్రయాణంలో గుర్రం కాలు విరిగినా, ఊపిరితిత్తుల జ్వరంతో మంచాన పడ్డట్లు పడిపోయినా ఆ నష్టం నేరుగా యజమానిదే. తెలుగు ప్రాంతాల్లో ఆ యజమాని సాధారణంగా ధనవంతుడు కాదు. హైదరాబాదు పరిసరాల్లో పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని బాడుగకు ఇచ్చి బతికే కుటుంబం కావచ్చు. పాడేరు మన్యంలో సంతకు సరుకు మోయడానికి పొట్టి గుర్రాన్ని పెంచుకునే గిరిజన రైతు కావచ్చు. పిల్లలకు స్వారీ నేర్పే చిన్న శిక్షణశాల నిర్వాహకుడు కావచ్చు. వీరిలో చాలామంది గుర్రాన్ని రెండు మూడేళ్ల వయసులో కొంటారు. నాందేడ్ జిల్లా మాలేగావ్ ఖండోబా జాతర వంటి చోట బేరం కుదిరిన నాడే దానిని డీసీఎం వ్యానులోకి ఎక్కిస్తారు. అంతవరకు నాలుగు చక్రాల వాహనాన్ని దూరం నుంచి మాత్రమే చూసిన జీవి, ఆ సాయంత్రం పదిమంది అరుపుల మధ్య, వెనుక నుంచి దెబ్బలు తింటూ, మొదటిసారిగా చీకటి పెట్టెలోకి అడుగుపెడుతుంది. అక్కడి నుంచి రాత్రంతా ప్రయాణం. ఆ గుర్రం తన జీవితంలో వాహనాన్ని గురించి నేర్చుకున్న మొదటి పాఠం అదే అవుతుంది.

గుర్రానికి తొలి ప్రయాణం అవసరం కోసం చేసే ప్రయాణం కాకూడదు. అమ్మకం, ఊరేగింపు, చికిత్స వంటి పని ఏదీ లేని రోజున, పరిచితమైన మనుషులతో, శనివారం ఉదయం బయలుదేరి ఒక రాత్రి బయట గడిపి ఆదివారం సాయంత్రానికి ఇల్లు చేరే ప్రయాణాన్ని దాని శిక్షణలో భాగం చేయాలి. ఈ మాట వినగానే విలాసమన్న విమర్శ వస్తుంది. గుర్రానికి విహారయాత్ర ఏమిటని నవ్వేవారూ ఉంటారు. అయితే టమాట, మిరప నారును పీకడానికి వారం ముందు నీరు తగ్గించి, ఎండకు అలవాటు చేసి గట్టిపరచాలని విస్తరణ సిబ్బంది ప్రతి సీజన్‌లోనూ రైతులకు చెబుతూనే ఉంటారు. నారుమడి నుంచి పొలానికి మారే రోజు మొక్కకు తగిలే దెబ్బను ముందే చిన్న మోతాదుల్లో చూపి తట్టుకునేలా చేయడాన్ని ఎవరూ విలాసం అనరు. రూపాయి విలువైన మొక్కకు దక్కే ఈ ముందుచూపు వేల రూపాయల గుర్రానికి దక్కడం లేదు.

గుర్రాలు తగ్గిపోతున్నాయి కనుక ఈ విషయం అంత ముఖ్యం కాదనే అభిప్రాయం విశ్వవిద్యాలయ వర్గాల్లోనూ ఉంది. 2019 నాటి ఇరవయ్యవ పశుగణన ప్రకారం దేశంలో గుర్రాలు, పొట్టి గుర్రాలు కలిపి 3.4 లక్షలు మాత్రమే. 2012 నాటి సంఖ్యతో పోల్చితే ఇది 45 శాతానికి మించిన తగ్గుదల. అంకె నిజమే కాని దాని నుంచి తీసే నిర్ణయం తలకిందులుగా ఉంది. గుర్రాలు విస్తారంగా ఉన్న రోజుల్లో లాడాలు కొట్టేవాడు పక్క ఊళ్లోనే ఉండేవాడు, జతకు మగ గుర్రం నడిచి వెళ్లే దూరంలో దొరికేది, రోగం వస్తే చూడగల అనుభవజ్ఞుడైన సైసు బజారులోనే కనిపించేవాడు. సంఖ్య తగ్గిన కొద్దీ ఇవన్నీ దూరమయ్యాయి. నేడు లాడానికీ, జతకూ, వైద్యానికీ, అమ్మకానికీ గుర్రం వాహనం ఎక్కక తప్పదు. గుర్రాలు తగ్గినందువల్లనే ఒక్కొక్క గుర్రం చేసే ప్రయాణం పెరిగింది. అదే సమయంలో వాటిని ఓపికగా మచ్చిక చేయగల సైసుల విద్య తరిగిపోయింది. విస్తరణ విభాగం పూరించవలసిన ఖాళీ సరిగ్గా ఇక్కడే ఉన్నది.

చట్టం ఈ ఖాళీని కొంతవరకే పూరిస్తుంది. 1978 నాటి పశు రవాణా నియమాల్లో గుర్రాలు, కంచరగాడిదలు, గాడిదలకు ప్రత్యేక అధ్యాయం ఉంది. పశువైద్యుని ధ్రువపత్రం ఉండాలి. చూడి గుర్రాలను, చిన్న వయసు గుర్రాలను ఇతర జంతువులతో కలపరాదు. ఎక్కించే ముందు మేత, నీరు ఇవ్వాలి. ఎక్కడానికి దిగడానికి వాలుబల్ల ఉండాలి. రోడ్డు వాహనంలో కాలు జారని నేల, జంతువుకూ జంతువుకూ మధ్య కనీసం 8 సెంటీమీటర్ల మందం గల వెదురు బొంగు ఉండాలి. గుర్రాల తలలు ఎడమవైపుకు, అంటే ఎదురొచ్చే వాహనాలకు దూరంగా ఉండాలి. ఒక వాహనంలో నాలుగు నుంచి ఆరింటికి మించి ఎక్కించరాదు, వెంట ఒక సహాయకుడు ఉండాలి, వేగం గంటకు 35 కిలోమీటర్లు దాటరాదు. కేంద్ర మోటారు వాహనాల నియమాలకు తరువాత చేసిన సవరణ ఒక్కొక్క గుర్రానికి 2.25 చదరపు మీటర్ల చోటు కేటాయించింది. ఇవి ఆలోచించి రాసిన నియమాలు. ముఖ్యంగా తలలను వాహనాల రాకపోకలకు దూరంగా తిప్పి నిలపాలన్న నియమం గుర్రం స్వభావం తెలిసినవారు రాసిందే. అయితే ఇవన్నీ వాహనం గురించినవి. ఎక్కబోయే జీవిని సిద్ధం చేయడం గురించి వాటిలో ఒక్క మాట లేదు. అది శాసనం చేయగల పనీ కాదు. జంతువులను బాధపెట్టే రీతిలో తరలించినందుకు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం తొలి నేరానికి విధించే జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆ మొత్తానికి భయపడి ఎవరైనా గుర్రానికి శిక్షణ ఇస్తారని ఆశించలేము.

35 కిలోమీటర్ల వేగ పరిమితిని నేటి జాతీయ రహదారులపై ఆచరణ సాధ్యం కాని పాత నియమంగా కొట్టివేసేవారు ఉన్నారు. లారీలు ఎనభైలో పోయే దారిలో ముప్ఫై అయిదులో నడపడం ప్రమాదమే అన్న వాదనలో కొంత నిజం లేకపోలేదు. దానికి పరిష్కారం వేగం పెంచడం కాదు, దారినీ వేళనూ మార్చుకోవడం. నిలబడి ప్రయాణించే గుర్రం శరీర బరువులో సుమారు 60 శాతాన్ని ముందు కాళ్లపై మోస్తుంది. బ్రేకు వేసినప్పుడు, మలుపు తిరిగినప్పుడు పట్టుకోవడానికి దానికి చేతులు లేవు, కాళ్లు ఎడం చేసి నిలదొక్కుకోవడం తప్ప గత్యంతరం లేదు. వాహనంలో కూర్చున్న మనిషికి తెలియని కుదుపు ప్రతిదీ దాని కండరాలకు పనే. డ్రైవరును ఒక్కసారి ఖాళీ వ్యానులో వెనుక, ఏమీ పట్టుకోకుండా నిలబెట్టి రెండు మలుపులు తిప్పితే వేగ పరిమితి గురించి వేరే ఉపన్యాసం అక్కరలేదు.

ఇక శిక్షణ విషయం. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. వాహనం ముందు మొండికేసిన గుర్రాన్ని పొగరుబోతుగా భావిస్తారు. గుర్రం కళ్లు తలకు ఇరుపక్కలా ఉండి దాదాపు చుట్టూ చూడగలవు, కాని ముందు భాగంలో దూరాన్ని అంచనా వేసే శక్తి పరిమితం. పైగా వెలుతురు నుంచి చీకటికి దాని కన్ను సర్దుకోవడానికి మనిషి కంటికన్నా ఎక్కువ సేపు పడుతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో తెరిచి ఉంచిన వ్యాను నోరు దానికి అడుగు తెలియని నల్లని గుంత. కాలు మోపగానే బల్ల డొల్లగా మోగుతుంది. పైకప్పు తలకు తగులుతుందన్న శంక ఉంటుంది. పారిపోవడమే ఆత్మరక్షణగా పుట్టిన జాతికి పారిపోయే దారి లేని గదిలోకి వెళ్లమని చెప్పడం ఎంత పెద్ద కోరికో గ్రహిస్తే, అది మొదటిసారి నిరాకరించడం తెలివే తప్ప పొగరు కాదని అర్థమవుతుంది. ఆ క్షణంలో కొట్టిన ప్రతి దెబ్బా, వాహనం ప్రమాదకరమన్న దాని అనుమానాన్ని రుజువు చేస్తుంది.

కళ్లకు గుడ్డ కట్టి ఎక్కించడం, మత్తుమందు ఇచ్చి ఎక్కించడం అనే రెండు అడ్డదారులు వాడుకలో ఉన్నాయి. మొదటిది ఆ పూటకు పని చేయవచ్చు, నేర్పేది మాత్రం ఏమీ ఉండదు. రెండవది మరింత ప్రమాదకరం. మత్తులో ఉన్న గుర్రం కదిలే వాహనంలో నిలదొక్కుకోలేదు. పశువైద్యుడు నిర్ణయించి, తానే మోతాదు ఇచ్చిన అత్యవసర సందర్భాల్లో తప్ప దీనిని ప్రోత్సహించరాదు.

సవ్యమైన దారికి మూడు నాలుగు వారాలు పడుతుంది, రోజుకు పావుగంట చాలు. వాహనం దగ్గరకు పోకముందే నేలపై నేర్పవలసినవి ఉన్నాయి. తలతాడుపై కొద్దిపాటి ఒత్తిడికి ముందుకు నడవడం, ఆగడం, ఒక్కొక్క అడుగు వెనక్కు వేయడం, నేలపై పరచిన బల్లమీదా టార్పాలిన్‌మీదా నడవడం, తక్కువ ఎత్తు పందిరి కింద నిలబడడం ఇందులో భాగం. ఈ దశలో వెనక్కు అడుగు వేయడాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. గాయాలు ఎక్కేటప్పుడే కాదు, దిగేటప్పుడూ అవుతాయి. నిదానంగా వెనక్కు దిగడం తెలియని గుర్రం వాలుబల్ల అంచున కాలు తప్పుతుంది, లేదా ఒక్క ఉదుటున దూకుతుంది.

తరువాత వాహనం. దానిని చదునైన చోట, వీలైతే పొలం గట్టుకు వెనుకభాగం ఆనించి నిలిపితే వాలుబల్ల ఏటవాలు తగ్గుతుంది. లోపల దీపమో, ముందువైపు తెరిచిన తలుపో ఉంటే చీకటి గుంత గదిగా మారుతుంది. మొదటి రోజు గుర్రాన్ని దాని దగ్గర మేపి తీసుకుపోతే చాలు. మరునాడు ఒక కాలు, ఆ వెంటనే వెనక్కు. గుర్రం తనంతట వెనక్కు గుంజకముందే దానిని వెనక్కు పిలవాలి. బయటికి రావచ్చునన్న నమ్మకం కుదిరిన గుర్రమే లోపలికి వెళుతుంది. పగ్గంపై ఒత్తిడి అది ముందుకు కదిలిన క్షణంలోనే సడలాలి. ఆలస్యంగా సడలిన పగ్గం నేర్పేది ఏమీ ఉండదు. లోపల ప్రశాంతంగా నిలబడడం వచ్చాక తలుపు గొలుసు చప్పుడు, ఆ తరువాత ఇంజను చప్పుడు, ఆ తరువాతనే అయిదు నిమిషాల ప్రయాణం. పక్కన పెద్ద వయసు నెమ్మది గుర్రం ఒకటి ఉంటే సగం పని అదే చేస్తుంది. ప్రతిసారీ తిరిగి తన సాలకే చేరాలి. అయిదు నిమిషాలు పావుగంట అయి, పావుగంట గంట అయిన తరువాత వారాంతపు ప్రయాణానికి వేళ వచ్చినట్లు. గుర్రాల రవాణాపై ఆస్ట్రేలియాలో జరిగిన పరిశీలనలు కూడా, ముందే అలవాటు చేసిన గుర్రాల్లో ప్రయాణ సంబంధమైన గాయాలు, మొండితనం తక్కువగా ఉంటాయని సూచిస్తున్నాయి.

ఆ ప్రయాణం ఎంత దూరం ఉండాలి? హైదరాబాదు శివారు నుంచి జహీరాబాదు దిశగా సుమారు 100 కిలోమీటర్లు అనుకుంటే, నియమిత వేగంతో మూడు గంటలు, మధ్యలో ఒక విరామంతో మూడున్నర గంటలు. తొలి ప్రయాణానికి అది గరిష్ఠం. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు గల చల్లని నెలల్లో, తెల్లవారుజామున బయలుదేరితే రద్దీ పెరగకముందే గమ్యం చేరవచ్చు. ఎండలో ఆగి ఉన్న వాహనం కదిలే వాహనంకన్నా త్వరగా వేడెక్కుతుంది కనుక డ్రైవరు టీ తాగే చోటు సైతం చెట్టు నీడను బట్టి నిర్ణయించాలి.

విరామంలో చేయవలసిన ముఖ్యమైన పని నీరు పట్టడం ఒక్కటే కాదు, గుర్రం తల కిందికి వంచేలా చేయడం. ఇది చాలామందికి కొత్తగా అనిపించే విషయం. గుర్రం సహజంగా రోజులో అత్యధిక సమయం తల నేలకు వంచి మేస్తుంది. శ్వాసనాళంలోని శ్లేష్మం, ధూళి ఆ భంగిమలోనే బయటికి జారుతాయి. వాహనంలో తలను ఎత్తుగా బిగించి కడితే ఆ శుద్ధి ఆగిపోతుంది. కొన్ని గంటల్లోనే శ్వాసనాళంలో సూక్ష్మజీవులు పెరగడం మొదలవుతుంది. దీర్ఘ ప్రయాణాల తరువాత గుర్రాలను చంపే ఊపిరితిత్తుల వ్యాధికి, పశువైద్యులు రవాణా జ్వరమని పిలిచేదానికి, ప్రధాన కారణాల్లో ఇది ఒకటి. గుర్రం గింజుకోకుండా ఉండాలన్న భయంతో తాడును పొట్టిగా కట్టడం యజమాని అలవాటు. శిక్షణ పొందిన గుర్రానికి తాడు వదులుగా కట్టే ధైర్యం వస్తుంది. శిక్షణకూ ఊపిరితిత్తులకూ గల ఈ సంబంధాన్ని ఏ కరపత్రమూ చెప్పడం లేదు.

మేత సంగతి వ్యవసాయ శాస్త్రవేత్తలు నేరుగా జోక్యం చేసుకోవలసిన రంగం. 300 కిలోల బరువున్న రెండేళ్ల గుర్రానికి శరీర బరువులో 2 శాతం చొప్పున రోజుకు సుమారు 6 కిలోల ఎండుమేత కావాలి. రెండు రోజుల ప్రయాణానికి 12 కిలోలు, వాహనం చెడిపోతే మూడవ రోజుకు మరో ఆరు. ఈ 18 కిలోలూ ఇంటి నుంచే తీసుకుపోవాలి. గుర్రం వాంతి చేసుకోలేని జంతువు. మేత ఒక్కసారిగా మారితే దాని పెద్దపేగులోని సూక్ష్మజీవుల సమతౌల్యం చెడి కడుపుశూల వస్తుంది. దారిలో దొరికిన పచ్చిమేతను ప్రేమతో పెట్టడం వల్ల వచ్చే నష్టం ఆకలితో ఉంచడం వల్ల వచ్చే నష్టంకన్నా ఎక్కువ. రుచి మారిన నీటిని చాలా గుర్రాలు తాగవు. బయలుదేరడానికి కొన్ని రోజుల ముందు నుంచే ఇంట్లో నీటికి కాస్త బెల్లం కలిపి అలవాటు చేసి, పరాయి చోట అదే కలిపి ఇస్తే ఈ చిక్కు తప్పుతుంది. ఉలవ గుగ్గిళ్లు గుర్రానికి తరతరాల దాణాయే, కాని ప్రయాణం రోజున దాణా తగ్గించి గడ్డి పెంచడం క్షేమం.

ఇక్కడ విశ్వవిద్యాలయాలు తమ సిఫార్సులను తామే సమీక్షించుకోవలసిన అంశం ఒకటి ఉంది. పశుగ్రాసం అనగానే విస్తరణ సిబ్బంది నోట మొదట వచ్చేవి హైబ్రిడ్ నేపియర్, బహుకోత జొన్న. హెక్టారుకు ఎన్ని టన్నులన్నది విద్యార్థులకు కంఠస్థం. ఆ దిగుబడిని తినేది ఏ జంతువన్న ప్రశ్న మాత్రం పరీక్షలో రాదు. ఆవు, గేదె పొట్టలోని సూక్ష్మజీవులు నేపియర్‌లోని ఆగ్జలేట్లను చాలావరకు విచ్ఛిన్నం చేయగలవు. గుర్రానికి ఆ సౌలభ్యం లేదు. ఆగ్జలేట్ సున్నాన్ని బంధించివేయడంతో, అటువంటి గడ్డి మీదే దీర్ఘకాలం పెరిగిన గుర్రంలో ఎముకలు మెత్తబడి ముఖం ఉబ్బుతుంది. పెరిగే వయసులో ఇది మరింత కీడు. పచ్చి జొన్న, సుడాన్ గడ్డి జాతులను మేసిన గుర్రాల్లో మూత్రాశయ వాపు, వెనుక కాళ్లు తూలడం కనిపిస్తాయని చిరకాలంగా తెలుసు. ప్రయాణంలో నిలదొక్కుకోవలసినవి ఆ కాళ్లూ, ఆ ఎముకలే. గుర్రాన్ని పెంచే రైతు పశుగ్రాస సలహా కోసం వచ్చినప్పుడు పాడిపశువుల కరపత్రాన్నే చేతికివ్వడం నిర్లక్ష్యం కిందికి వస్తుంది.

మేతకు సంబంధించి మరొక చిన్న సంగతి. వెంట తీసుకుపోయే గడ్డితో పాటు కలుపు విత్తనాలూ ప్రయాణిస్తాయి. గుర్రం నమలడం వల్లా, జీర్ణక్రియ వల్లా నశించని విత్తనాలు లద్దెలో మొలకెత్తే స్థితిలోనే బయటపడతాయని అనేక దేశాల్లో రుజువైంది. వారాంతపు గుర్రపు ప్రయాణాలు సర్వసాధారణమైన అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో, జాతీయ అరణ్యాలు అనేకచోట్ల కలుపు విత్తనాలు లేవని ధ్రువీకరించిన మేతను మాత్రమే అనుమతిస్తాయి. వయ్యారిభామ ఇప్పటికే గట్టు గట్టునా పరచుకున్న నేలపై ఈ జాగ్రత్త హాస్యాస్పదంగా తోచవచ్చు. మన్యం అటవీ అంచుల్లోని పచ్చిక బీళ్లకు ఇది హాస్యం కాదు. పూతకు ముందు కోసిన గడ్డిని ఎండబెట్టి తీసుకుపోవడం, బస చేసిన చోట లద్దెను ఊడ్చి సంచిలో వేసి వెనక్కు తేవడం పెద్ద శ్రమ కాదు. తెచ్చిన లద్దె ఇంటి పెంటదిబ్బకు చేరి బాగా మాగుతుంది.

రాత్రి బస తొలి ప్రయాణంలో అసలు పరీక్ష. గుర్రం నిలబడి కునుకు తీయగలదు, గాఢనిద్రకు మాత్రం పడుకోవాలి. భద్రంగా లేనని తోస్తే అది పడుకోదు. తెల్లవారి దాని ఒంటిపై గడ్డిపోచలు, ఒకపక్క నలిగిన వెంట్రుకలు కనిపిస్తే రాత్రి పడుకున్నట్లే. ఆ చిన్న గుర్తు, ప్రయాణం దానికి ఎంత భారమైందో చెప్పే నమ్మకమైన సాక్ష్యం. కాళ్లకు చుట్టుకునేంత పొడవు తాడుతో కట్టరాదు, తెలియని గుర్రాల పక్కన కట్టరాదు, ఉమ్మడి నీటితొట్టిలో నీరు తాగించరాదు. గ్లాండర్స్ మనుషులకూ సోకే వ్యాధి. రోగం నిర్ధారణ అయిన గుర్రాన్ని చంపడం తప్ప మార్గం లేదు. హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం వంటి సంస్థలు రక్తపరీక్షతో దీనిని నిర్ధారిస్తాయి. ప్రయాణానికి ముందు ఆ పరీక్ష, ధనుర్వాతం టీకా జరిగి ఉండాలని చెప్పడం పశువైద్యుని పని మాత్రమే అని విస్తరణ శాస్త్రవేత్త తప్పుకోరాదు. రైతు ముందుగా కలిసేది అతనినే. ఆ రెండు రోజుల్లో గుర్రంపై స్వారీ చేయడం అనవసరం. రెండేళ్ల వయసులో వెన్నెముక ఇంకా పెరుగుతూనే ఉంటుంది, కొత్త చోటును చూస్తూ నడవడమే దానికి తగినంత పని.

ఖర్చు మాటేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. పెళ్లిళ్ల కాలంలో శని ఆదివారాలే గుర్రానికి సంపాదన రోజులు. వ్యాను బాడుగ, డ్రైవరు కూలి, రెండు రోజుల ఆదాయ నష్టం కలిపితే పేద యజమానికి అది భారమే. ఈ భారాన్ని అతని బాధ్యతారాహిత్యంగా చిత్రించడం తేలిక, అన్యాయం కూడా. మూఢంలో ముహూర్తాలు ఉండవు. ఆ వారాలు ఈ శిక్షణకు అనువైనవి. నలుగురు యజమానులు కలిసి ఒకే వాహనాన్ని నెలరోజులు ఒకచోట నిలిపి వంతులవారీగా వాడుకోవచ్చు. అసలు కదలని పాత వ్యాను పెట్టె ఒకటి కృషి విజ్ఞాన కేంద్రం ఆవరణలో ఉన్నా శిక్షణలో మూడువంతులు దానితోనే పూర్తవుతుంది. ప్రదర్శనకు తెచ్చే ఒంగోలు కోడెదూడలకూ అదే పెట్టె ఉపయోగపడుతుంది. బండలాగుడు పోటీల రోజున మొదటిసారి లారీ ఎక్కే కోడెల అవస్థ గుర్రం అవస్థకు భిన్నమైనది కాదు. తిరుపతి, రాజేంద్రనగర్ పశువైద్య విశ్వవిద్యాలయాలతో కలిసి వ్యవసాయ విద్యార్థులకు గ్రామీణ అనుభవ కార్యక్రమంలో ఒక్క వారం ఈ పని అప్పగిస్తే, పశువును చదవడం నేర్చిన పట్టభద్రులు బయటికి వస్తారు.

ఇంతకూ కొనేవారు దేనికి వెల కడుతున్నారు? తెలుగులో మనుమంచిభట్టు అశ్వలక్షణాలపై గ్రంథం రచించిన నాటి నుంచి గుర్రపు సుడులు, వన్నెలు చూసి మంచిచెడ్డలు నిర్ణయించే సంప్రదాయం ఉన్నది. నేటి జాతరల్లోనూ నుదుటి సుడి ఒక్కటి ధరను వేలల్లో పెంచుతుంది, తగ్గిస్తుంది. వాహనం తలుపు తెరిచి, పగ్గం వదులుగా పట్టుకుని, గుర్రం తనంతట ఎక్కుతుందా అని చూసి బేరమాడే కొనుగోలుదారులు అరుదు. ఆ పరీక్షకు ధర పలికిన నాడు శిక్షణ కోసం ఎవరినీ బతిమాలవలసిన పని ఉండదు. విశ్వవిద్యాలయాలు, పశుసంవర్ధక శాఖ నిర్వహించే పశు ప్రదర్శనల్లో ఎత్తు, మేనిచాయలకు ఇచ్చే మార్కుల పక్కన దీనికీ కొన్ని మార్కులు కేటాయించడం మొదటి మెట్టు కాగలదు.

ఆదివారం సాయంత్రం ఇల్లు చేరిన గుర్రాన్ని వెంటనే దాణా తొట్టి ముందు కట్టకుండా, ముందు నీరు, తరువాత గడ్డి ఇచ్చి, కాసేపు వదులుగా తిరగనివ్వాలి. మూడు రోజులపాటు ఉదయం సాయంత్రం జ్వరం చూడాలి. దగ్గు, ముక్కు కారడం, మేత వదలడం వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపాలి. అంతా సవ్యంగా ఉంటే నాలుగవ రోజున అదే వ్యానును మళ్లీ గట్టుకు ఆనించి, తలుపు తెరిచి, గుర్రాన్ని దాని ముందుకు నడిపించాలి. అది ఒక్క క్షణం ఆగి, వాలుబల్లను వాసన చూసి, తనంతట కాలు పెడుతుందో లేదో గమనించాలి. పెట్టకపోతే మళ్లీ మొదటి రోజు మేతతోనే మొదలుపెట్టాలి.